ప్రభుత్వ సాయం ఆగిపోయినప్పుడు చిన్న స్వచ్ఛంద సంస్థ ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

ఒక ఉదయం ఆరోగ్య కేంద్రానికి తాళం వేసి ఉంటుంది. చంకలో బిడ్డతో ఓ తల్లి గుమ్మం ముందు నిలబడి, "మందులిచ్చే అక్క ఈరోజు రాలేదా?" అని అడుగుతుంది. ఆ అక్కకు జీతం ఆగిపోయిందని, రేపు కూడా రాదని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. సాయంలో కోత పడిందంటే ఊళ్లో ముందుగా కనిపించేది ఇదే.

2025లో ఈ పరిస్థితి చాలా దేశాల్లో ఒకేసారి వచ్చింది. జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ సాయాన్ని పంచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామని ఆ దేశ విదేశాంగ మంత్రి మార్చి 10న ప్రకటించారు. జులై 1 నాటికి ఆ సంస్థ పనే ముగిసిపోయి, మిగిలింది విదేశాంగ శాఖ చేతికి వెళ్లింది. బ్రిటన్ కూడా జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న తన సాయాన్ని 2027 నాటికి 0.3కి తగ్గిస్తానని చెప్పింది. ధనిక దేశాలు 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించింది. 2024లో ఆ లెక్క అందుకున్నవి డెన్మార్క్, లక్సెంబర్గ్, నార్వే, స్వీడన్ మాత్రమే.

మీది దాతలిచ్చే విరాళాలతో నడిచే చిన్న సంస్థ అనుకుందాం. అలాంటి ఊళ్లలోనే మీరూ పనిచేస్తున్నారు. జనం మీ వైపు చూస్తున్నారు. ఏం చేయాలి?

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. చెరువుకు గండి పడితే తట్టెడు మట్టితో పూడదు. ప్రభుత్వం ఖర్చుపెట్టిన డబ్బుతో పోలిస్తే మీ దగ్గరున్నది ఆ తట్టెడే. నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో ఇది అర్థం కాక, ఆగిపోయిన పనులన్నీ మేమే భుజాన వేసుకున్నాం. మనసు ఆగలేదు మరి. ఐదు నెలలకే డబ్బులు అయిపోయాయి. అప్పుడు మేం కూడా తలుపులు మూయాల్సి వచ్చింది. మొదటిసారి ప్రభుత్వం మానేసినప్పుడు కంటే, రెండోసారి మేం మానేసినప్పుడు జనం ఎక్కువ దెబ్బతిన్నారు. ఎందుకంటే మమ్మల్ని నమ్ముకుని వాళ్లు వేరే దారి వెతుక్కోలేదు. అందుకే ఈ రాత మొత్తంలో నేను చెప్పేది ఒక్కటే: తెగితే మళ్లీ అతకనిది ఏదో కనిపెట్టి, దాన్ని పట్టుకోండి. పట్టుకున్నది వదలకండి.

మొదటి వారం: వెళ్లి చూడండి, రాసుకోండి

ఆఫీసులో కూర్చుని మీటింగులు పెట్టకండి. ఒక నోట్‌బుక్ తీసుకుని ఊళ్లకు వెళ్లండి. ప్రతి పేజీలో నాలుగు గడులు గీసుకుంటే చాలు. ఏ పని నడిచేది, ఎవరు చేసేవారు, ఎంతమందికి అందేది, చేతిలో ఉన్న సరుకు ఏ తేదీ వరకు వస్తుంది.

నాలుగో గడి అన్నిటికంటే ముఖ్యం. "మందులు అయిపోతున్నాయి" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "టీబీ మందులు 14 మందికి, వచ్చే నెల 9వ తేదీ దాకా" అని రాస్తే అది పనికొచ్చే మాట. దాతకు చెప్పడానికీ ఇదే, అధికారి ముందు పెట్టడానికీ ఇదే.

ఇంకొకటి చూడండి. కొన్నిసార్లు సరుకు ఉంటుంది, పంచే మనిషి ఉండడు. 2025 మొదట్లో ఇదే జరిగింది. పని ఆపమన్న ఉత్తర్వులు రాగానే ఆహారం గోదాముల్లో, ఓడరేవుల్లో ఇరుక్కుపోయింది. మీ ప్రాంతంలో కూడా ఏ గదిలోనో అట్టపెట్టెలు తాళం వెనక ఉండొచ్చు. వాటి గడువు తేదీ ఎప్పుడో, విడుదల చేయించడానికి ఎవరి సంతకం కావాలో కనుక్కోండి. కొత్త సరుకు కొనడం కంటే ఆ సంతకం కోసం రెండు రోజులు తిరగడం ఎన్నో రెట్లు మేలు.

జీతం ఆగిన కార్యకర్తల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఈ వారంలోనే తీసుకోండి. వచ్చే నెలకు వాళ్లలో సగం మంది బతుకుతెరువు కోసం వేరే ఊరు వెళ్లిపోతారు.

రెండో వారం: దేన్ని పట్టుకోవాలో తేల్చుకోండి

నోట్‌బుక్ ముందు పెట్టుకుని ప్రతి పనికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది రెండు నెలలు ఆగితే తర్వాత సరిదిద్దగలమా?

హెచ్ఐవీ మందులు రోజూ వేసుకోవాలి. ఆపేస్తే కొన్ని వారాల్లోనే ఒంట్లో వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఇతరులకు సోకే ప్రమాదమూ తిరిగి మొదలవుతుంది. మామూలు టీబీకి చికిత్స సాధారణంగా ఆరు నెలలు. మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీగా మారే ముప్పు ఉంది. దానికి చికిత్స ఇంకా కష్టం, ఖర్చూ ఎక్కువ. తీవ్రంగా చిక్కిపోయిన బిడ్డకు రెండు నెలల గడువు అసలు ఉండదు. కాన్పులు, టీకాలు, తాగే నీళ్లు కూడా ఈ వరసలోకే వస్తాయి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌కు కరెంటు బిల్లు కట్టేవాళ్లు లేకపోతే డబ్బాలో ఉన్న టీకాలన్నీ పాడవుతాయి. కొన్నిసార్లు ఆ బిల్లు కట్టడమే మీరు చేయగలిగిన అతి పెద్ద సాయం కావచ్చు.

శిక్షణ శిబిరాలు, కొత్త గదులు, అవగాహన ర్యాలీలు ఆగగలవు. వాటిని ఆపండి.

ఇలా చూస్తే జాబితా చిన్నదవుతుంది. అయినా అందులోంచి మీరు పన్నెండు నెలలు మోయగలిగినవే ఉంచుకోండి. ఒకటో, రెండో. మిగతావి మీరు చేయలేరని ఊరివాళ్లతో నేరుగా, ముఖం చూసి చెప్పండి. చెప్పడం చాలా కష్టం, నాకు తెలుసు. కానీ "చూద్దాం" అని పంపించేస్తే వాళ్లు మీ చుట్టూ తిరుగుతూనే ఉంటారు, ఆ తిరిగే రోజుల్లో బిడ్డ ఇంకా నీరసిస్తుంది. "ఈ పని మా వల్ల కాదమ్మా, ఫలానా చోట ఇస్తున్నారు, ఈ చీటీ తీసుకుని వెళ్లు" అని చెబితే ఆమెకు ఒక దారి దొరుకుతుంది. చుట్టుపక్కల ఏ సంస్థ, ఏ ఆసుపత్రి ఏం ఇస్తోందో ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం అందుకే.

మనుషులను నిలబెట్టుకోండి

డబ్బు తక్కువ ఉన్నప్పుడు చాలామంది చేసే పని, సరుకు కొని జీతాలు తగ్గించడం. దాతలకు కూడా సరుకు ఇష్టం, ఫొటోలో కనిపిస్తుంది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం.

ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు నిండు గర్భిణో తెలుసు. ఎవరు మందులు దాచేసి వేసుకున్నానని చెబుతారో తెలుసు. ఏ అత్తగారు కోడల్ని ఆసుపత్రికి పంపదో, ఆమెతో ఎలా మాట్లాడాలో కూడా తెలుసు. ఈ తెలివిడి ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు, పదేళ్ల తిరుగుడులో వస్తుంది. ఆమె ఊరు వదిలి వెళ్లిపోతే, రేపు ప్రభుత్వం మనసు మార్చుకుని నిధులు ఇచ్చినా పని మళ్లీ మొదటి నుంచే.

కాబట్టి మొదటి డబ్బు వాళ్లకే. పూర్తి జీతం ఇవ్వలేకపోతే ఎంత ఇవ్వగలరో, ఎన్ని నెలలు ఇవ్వగలరో స్పష్టంగా చెప్పండి, ఆ తేదీకి ఇవ్వండి. ఎక్కువ చెప్పి ఆలస్యం చేయడం కంటే తక్కువ చెప్పి నెల మొదటి రోజున చేతిలో పెట్టడం వాళ్లకు ధైర్యం. జీతం సగానికి తగ్గితే పని కూడా సగానికి తగ్గించండి. "సేవే కదా" అని ఉచితంగా చేయించుకోవద్దు. పేదవాళ్ల ఆరోగ్యం కోసం ఇంకో పేదరాలి చేత ఊరికే చాకిరీ చేయించడం న్యాయం కాదు.

పనిని ఇళ్లకు, గుంపులకు పంచండి

మనుషులు తగ్గినప్పుడు కొన్ని పనులు ఊరివాళ్లే చేసుకునేలా నేర్పవచ్చు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది బిడ్డ చేతి చుట్టుకొలత. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఇది పనికొస్తుంది. దీనికి మూడు రంగుల టేపు ఒకటి ఉంటుంది.

తల్లికి ఇలా చూపించండి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎడమ చేయి మోచేతి దగ్గర మడవాలి. భుజం ఎముక చివరి నుంచి మోచేతి మొన దాకా చూసి, సరిగ్గా మధ్యలో పెన్నుతో చుక్క పెట్టాలి. తర్వాత చేతిని వదులుగా కిందికి వేలాడనివ్వాలి. చుక్క మీదుగా టేపు చుట్టి, చర్మానికి ఆనేంత వరకే లాగాలి. చర్మం నొక్కుకుపోతే ఎక్కువ లాగినట్టు, కింద వేలు దూరితే వదులైనట్టు. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ. 11.5 నుంచి 12.5 లోపు పసుపు, బిడ్డ చిక్కుతోంది, జాగ్రత్త పడాలి. 11.5 కంటే తక్కువైతే ఎరుపు, అదే రోజు చికిత్సకు తీసుకెళ్లాలి. రెండు పాదాల పైభాగాన్నీ బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి వదిలితే గుంటలు అలాగే ఉండిపోయాయంటే, టేపు ఏ రంగు చూపించినా అదీ ప్రమాదమే.

నైజర్ దేశంలో తల్లులకు ఈ కొలత నేర్పి చూశారు. వాళ్లు దాదాపు కార్యకర్తలంత బాగా కొలిచారు, పైగా జబ్బు ముదరకముందే పిల్లలను తీసుకొచ్చారు. నెలకోసారి వచ్చే కార్యకర్త కంటే, స్నానం చేయించేటప్పుడు రోజూ చేయి చూసే తల్లికి ముందు తెలియడంలో వింత లేదు కదా. ఎరుపు వచ్చిన బిడ్డకు ఇచ్చే పోషక పేస్ట్ పొట్లం 92 గ్రాములు, 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు. ఒక బిడ్డ పూర్తి చికిత్సకు సుమారు 150 పొట్లాలున్న ఒక పెట్టె లెక్కేసుకోండి. టేపులు పంచే ముందే ఆ పెట్టెలు ఎక్కడి నుంచి వస్తాయో తేల్చుకోండి. జబ్బు కనిపెట్టడం నేర్పి మందు లేకుండా చేస్తే ఆ తల్లికి మిగిలేది ఏడుపే.

మందుల విషయంలో మొజాంబిక్ చూపించిన దారి ఉంది. అక్కడి టెటే రాష్ట్రంలో 2008లో ఎంఎస్ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు అనే అంతర్జాతీయ సంస్థ) వైద్యులు, హెచ్ఐవీ మందులు వాడేవాళ్లను ఆరుగురు మించకుండా చిన్న గుంపులుగా చేశారు. నెలకు ఒకరు ఆసుపత్రికి వెళ్లి అందరి మందులూ తెచ్చేవారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు డాక్టరుకు చూపించుకునేవారు. ఆరుగురి దారిఖర్చు ఒకరికి తగ్గింది, ఎవరైనా మందు మానేస్తే మిగతా ఐదుగురికి తెలిసిపోయేది. రోగం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వమని కూడా డాక్టర్లను అడగండి. స్టాకు ఉంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు అందకపోతే, లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. స్పూను అంచుకు సమంగా, గుట్టగా కాదు. ఉప్పు ఎక్కువైతే హాని. ఈ కొలత ప్రతి ఇంటి గోడ మీదా ఉండాలి.

నీళ్ల పంపుల సంగతి తొందరగా చెబుతాను. చేతి పంపు ఆగేది ఎక్కువగా అరిగిన వాషర్లు, సీళ్ల వల్లే. ఊరికి ఇద్దరికి రిపేరు నేర్పి, విడిభాగాలు ఒక పెట్టెలో పెట్టి, ఇంటింటికీ నెలకు కొంచెం చందా వసూలు చేసే కమిటీ ఉంటే అది మీ చేతిలోంచి ఊరి చేతిలోకి వెళ్లిపోతుంది. ఒక చేతి పంపు మీద 500 మందికి మించి ఆధారపడకూడదని, మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు ఉండాలని, విపత్తు సాయంలో ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. ఏ ఊరికి ముందు వెళ్లాలో తేల్చడానికి ఆ లెక్క వాడండి.

డబ్బు ఎలా అడగాలి

"ప్రభుత్వం ఆపేసింది, మీరు ఆదుకోండి" అని అడిగితే దాత భయపడతాడు. అంత పెద్ద గొయ్యిలో తన డబ్బు ఏమూలకని అనుకుంటాడు. అది నిజమే కూడా. మీరు పట్టుకున్న ఆ ఒక్క పని గురించే అడగండి. అందరికీ ఒకే మెసేజ్ పంపే ముందు, గతంలో ఇచ్చిన పదిమందికి ఫోన్ చేయండి. ఇలా మాట్లాడితే చాలు:

"మా దగ్గర 42 మంది టీబీ మందులు వాడుతున్నారండీ. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నాయి. ఊళ్లకు తీసుకెళ్లే ముగ్గురు కార్యకర్తలకు జీతం ఆగింది. ఆ ముగ్గురి ఖర్చు ఏడాదికి ఇంత. ఇప్పటికి నాలుగు నెలలకు సరిపడా వచ్చింది. మీరు నెలనెలా కొంత ఇవ్వగలరా?"

నెలనెలా అన్న మాట వదలకండి. ఒకేసారి వచ్చే పెద్ద చెక్కు కంటే, వందమంది నెలనెలా ఇచ్చే చిన్న మొత్తం మీ కార్యకర్తకు నిద్ర పట్టేలా చేస్తుంది. ఒక్క దాత మీదే సంస్థ మొత్తం ఆధారపడితే, ప్రభుత్వం మీద ఆధారపడ్డ వాళ్లకు ఏమైందో రేపు మీకూ అదే అవుతుంది.

ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ ఉన్న విరాళం అడగడానికి మొహమాటపడకండి. పరిస్థితి వారం వారం మారేటప్పుడు, "బడి బ్యాగులకు మాత్రమే" అని వచ్చిన డబ్బు బ్యాంకులో పడి ఉంటుంది, పక్కన బిడ్డ ఆకలితో ఉంటుంది. అలా ఒక పని పేరు మీద తీసుకున్న డబ్బును ఇంకో పనికి వాడాలంటే దాత నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అడిగితే ఎక్కువమంది ఇస్తారు. అడగకుండా వాడితే మాత్రం మీ మాటకు విలువ పోతుంది.

వచ్చినదంతా ఖర్చుపెట్టేయకుండా మూడు నెలల జీతాలు పక్కన పెట్టండి. ఆకలితో ఉన్నవాళ్లు ఎదురుగా ఉండగా డబ్బు దాచడమా అని టెన్షన్‌గా ఉంటుంది. కానీ ఆ డబ్బే మీరు మధ్యలో చేతులెత్తేయకుండా ఆపుతుంది.

ఎముకలు తేలిన బిడ్డ ఫొటో పెట్టి డబ్బు అడగవద్దు. ఆ ఫొటో పదేళ్ల తర్వాత కూడా ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక చూసుకుంటుంది.

సరుకా, నగదా?

బజారులో సరుకు దొరుకుతూ, జనం దగ్గర డబ్బు మాత్రమే లేకపోతే నగదే ఇవ్వండి. మోయడం, నిల్వచేయడం, పంచడం, వీటి ఖర్చు తప్పుతుంది. ఎవరికి ఏం కావాలో వాళ్లకే తెలుసు. బజారే మూతపడిన చోట, యుద్ధం నడిచే చోట, సరుకు తప్పదు.

సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ పేరుతో ఊరి యువతే ఉమ్మడి వంటశాలలు నడిపింది. 2025 మొదట్లో అమెరికా డబ్బు ఆగగానే వందల వంటశాలలు మూతపడ్డాయి. విదేశాల్లో ఉన్న సూడానీయులు పంపిన డబ్బుతో కొన్ని మళ్లీ పొయ్యి వెలిగించాయి. ఆ కుర్రాళ్లకు పెద్ద ఆఫీసులు లేవు. వాడలో ఎవరు ఎక్కడున్నారో తెలుసు, వాళ్లను నమ్మేవాళ్లున్నారు. చిన్న సంస్థ బలం కూడా సరిగ్గా అక్కడే ఉంది.

కాస్త కుదురుకున్న ఊళ్లలో పొదుపు పెట్టె మొదలుపెట్టండి. 1991లో నైజర్‌లో కేర్ అనే అంతర్జాతీయ సేవా సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. పదిహేను నుంచి పాతికమంది ఆడవాళ్లు వారం వారం కొంత వేస్తారు. పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. అందరూ కూర్చుంటే తప్ప అది తెరుచుకోదు. బయటి డబ్బు ఒక్క రూపాయి కూడా అందులో వేయకండి. సొంత డబ్బు కాబట్టే జాగ్రత్తగా చూసుకుంటారు. ఆసుపత్రికి వెళ్లే బండి కిరాయికి అప్పు అక్కడే దొరుకుతుంది. ఏడాది చివర అందరూ పంచుకుంటారు.

లెక్కలు గోడ మీద

డబ్బు బయటికి వెళ్లే ప్రతి చోటా ఇద్దరి సంతకాలు. కొనేవాళ్లు వేరు, డబ్బు కట్టేవాళ్లు వేరు. ప్రతి నెలా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఊరి భాషలో పెద్ద అక్షరాలతో రాసి అందరూ తిరిగే చోట అతికించండి. దాతకు పంపే నివేదిక కంటే ఇది ముందు. కార్యకర్త మీద ఫిర్యాదు ఉంటే చెప్పడానికి సంస్థలోని ఇంకొకరి నంబరు కూడా అక్కడే రాయండి. సాయం పొందేవాళ్లకు తిట్టే హక్కు లేదనుకునే కాలం ఇది. వాళ్లను అడిగి చెప్పించుకోవాలి.

ప్రభుత్వాన్ని వదిలేయకండి

మీరు బాగా చేసేకొద్దీ ఒక ప్రమాదం పెరుగుతుంది. "అక్కడ ఫలానా సంస్థ చూసుకుంటోంది కదా" అని పైవాళ్లు ఊరట చెందుతారు. అది జరగనివ్వకూడదు. మీరు చేస్తున్నది తాత్కాలికమని ప్రతి ఉత్తరంలో, ప్రతి బోర్డు మీద రాయండి, ఎప్పటి వరకో తేదీతో సహా.

మొదటి వారం రాసిన నోట్‌బుక్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఏ కేంద్రంలో ఏ మందు ఏ రోజు అయిపోయింది, ఆ రోజు ఎంతమంది ఉత్తచేతులతో వెనక్కి వెళ్లారు అన్నది ప్రతి నెలా ఒక కాగితం మీదకు ఎక్కించండి. దానితో సంబంధిత అధికారి దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి. మందు దొరకని ఇద్దరు ముగ్గురిని, వాళ్లు ఇష్టపడితేనే, వెంట తీసుకెళ్లండి. వాళ్లనే మాట్లాడనివ్వండి. కాగితం ఇచ్చి ముద్ర వేయించుకుని, నకలు మీ దగ్గర పెట్టుకోండి. వచ్చే నెల మళ్లీ వెళ్లినప్పుడు ముందు ఆ నకలు బల్ల మీద పెట్టి, తర్వాత కొత్త కాగితం ఇవ్వండి.